ఆంథొనీ మండైన్ నిజంగా గొప్ప బాక్సరేనా? రగ్బీ లీగ్ మానేసి రింగ్‌లోకి దిగుతానంటున్న తమ్ముడికి ఏం చెప్పాలి?

మీరు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో రెండు విషయాలున్నాయి. సిడ్నీలో చదువుకుంటూ వారాంతాల్లో క్లబ్బు తరఫున రగ్బీ లీగ్ ఆడుతున్న మీ తమ్ముడు, 23 ఏళ్ల వయసులో ఆ ఆట మానేసి ప్రొఫెషనల్ బాక్సర్ అవుతానంటున్నాడు. ఇంట్లో వద్దంటే ‘ఆంథొనీ మండైన్ కాలేదా?’ అని అడుగుతున్నాడు. మీకు తెలిసినవాళ్లేమో మండైన్‌ది ఉత్త హడావిడేనని, ఫుట్‌బాల్‌లో వచ్చిన పేరుతో టికెట్లు అమ్ముకున్నాడే తప్ప బాక్సర్‌గా గొప్పేమీ లేదని అన్నారు. ఇందులో ఏది నిజం, తమ్ముణ్ని పంపాలా వద్దా అన్నది మీ సందేహం.

నేను చాలా ఏళ్లుగా సిడ్నీ పడమటి శివార్లలో ఉంటున్నాను. ఉద్యోగం అయ్యాక సాయంత్రాలు ఓ జిమ్‌లో కుర్రాళ్లకి అమెచ్యూర్ బాక్సింగ్ నేర్పుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో లీగ్ ఆడి వచ్చినవాళ్లే ఎక్కువ. వాళ్లలో చాలామంది నోట మొదట వచ్చే పేరు మండైన్‌దే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ముందు నా మాట చెప్పేస్తాను: మండైన్ అసలైన బాక్సరే, అందులో నాకు అనుమానం లేదు. కానీ మీ తమ్ముడు అతని కథని తలకిందులుగా చదువుతున్నాడు.

మన దగ్గర చాలామందికి రగ్బీ అంటే ఒకటే ఆట. లీగ్ వేరు, యూనియన్ వేరు. యూనియన్‌లో జట్టుకి పదిహేను మంది, లీగ్‌లో పదముగ్గురు. లీగ్‌లో బంతి ఉన్న జట్టుకి ఆరు టాకిల్స్ దాకా (అంటే బంతి ఉన్నవాణ్ని అవతలివాళ్లు ఆరుసార్లు పట్టి ఆపేదాకా) అవకాశం, ఆ లోపల గీత దాటి బంతిని నేలకి ఆనించి ట్రై చేయాలి, లేదంటే బంతి అవతలి జట్టుకి పోతుంది. ఆట 80 నిమిషాలు. సిడ్నీలో ‘ఫుట్‌బాల్’ అంటే చాలామందికి ఇదే. మండైన్ ఆడింది 6వ నంబరు స్థానంలో, దాన్ని ఫైవ్-ఎయిత్ అంటారు. జట్టు దాడిని నడిపించేది ఆ ఆటగాడే. కళ్ల ముందు గోడలా నిలబడ్డ రక్షణలో ఎక్కడ సందుందో అరక్షణంలో పసిగట్టి, ఒక్క అడుగుతో అవతలివాడి బరువుని తప్పుడు కాలి మీదకి నెట్టి దూసుకుపోవాలి. కబడ్డీలో మంచి రైడర్‌ని చూసినవాళ్లకి ఈ నైపుణ్యం ఏమిటో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మండైన్ 1975లో సిడ్నీలో పుట్టాడు. తండ్రి టోనీ మండైన్ ఉత్తర న్యూ సౌత్ వేల్స్‌లోని బారిల్‌గిల్ నుంచి వచ్చిన బుంజలంగ్ ఆదివాసి. ఆస్ట్రేలియా చూసిన గొప్ప బాక్సర్లలో ఒకడు. మిడిల్‌వెయిట్ నుంచి హెవీవెయిట్ దాకా నాలుగు బరువుల్లో జాతీయ టైటిళ్లు గెలిచాడు. 1974లో బ్యూనస్ ఐరిస్ వెళ్లి, అప్పటి ప్రపంచ మిడిల్‌వెయిట్ ఛాంపియన్ కార్లోస్ మొంజోన్‌తో తలపడి ఏడో రౌండ్‌లో ఓడిపోయాడు. మొంజోన్ సొంత ఊళ్లాంటి చోట, అతని మనుషుల మధ్య, అతనితో కొట్లాడటమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తర్వాత సిడ్నీలో రెడ్‌ఫెర్న్ రైల్వే స్టేషన్ పక్కన, ‘ది బ్లాక్’ అని పిలిచే ఆదివాసీల వాడలో, టోనీ ఒక జిమ్ నడిపాడు. ఆ గోడ మీద వేసిన పెద్ద ఆదివాసీ జెండా రైలు దిగినవాళ్లందరికీ కనిపించేది.

ఆంథొనీ పెరిగింది ఆ ఇంట్లో. అంటే అతను పాతికేళ్లప్పుడు కొత్తగా గ్లవ్స్ తొడుక్కున్న ఫుట్‌బాల్ ప్లేయర్ కాదు. పుట్టుకతోనే బాక్సర్ ఇంటివాడు, మధ్యలో ఏడెనిమిదేళ్లు ఫుట్‌బాల్ ఆడాడు. మీ తమ్ముడికి మొదట అర్థం కావాల్సింది ఇది. ఎవరైనా ‘మండైన్ మారాడు కదా’ అంటే, అతను మారలేదు, తండ్రి దగ్గరికి తిరిగి వెళ్లాడని నేను చెబుతాను.

ఫుట్‌బాల్‌లో అతని స్థాయి ఏమిటో కూడా తెలియాలి, ఎందుకంటే వదిలేసినదాని విలువ తెలిస్తేనే ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది. 1993లో సెయింట్ జార్జ్ డ్రాగన్స్ క్లబ్బుకి ఫస్ట్ గ్రేడ్, అంటే పై స్థాయిలో, ఆడటం మొదలుపెట్టాడు. 1996లో ఆ జట్టు గ్రాండ్ ఫైనల్‌కి వెళ్లి మాన్లీ చేతిలో ఓడింది. 1997లో లీగ్ రెండు ముక్కలైంది, సూపర్ లీగ్ అని వేరే పోటీ పెట్టారు. ఆ ఏడాది మండైన్ బ్రిస్బేన్ బ్రాంకోస్‌కి వెళ్లాడు, వాళ్లు టైటిల్ గెలిచారు. మరుసటి ఏడాది మళ్లీ సెయింట్ జార్జ్‌కే వచ్చాడు. 1999లో సెయింట్ జార్జ్, ఇల్లవారా క్లబ్బులు కలిసి ఒకే జట్టుగా ఆడాయి. అదే మండైన్‌కి అన్నిటికన్నా గొప్ప సీజన్. న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పోటీలో న్యూ సౌత్ వేల్స్ తరఫున ఆడాడు. ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో క్రొనల్లా మీద మూడు ట్రైలు చేసి జట్టుని గ్రాండ్ ఫైనల్‌కి చేర్చాడు. ఇస్లాం స్వీకరించింది కూడా ఆ ఏడాదే.

ఆ గ్రాండ్ ఫైనల్ గురించి ఇక్కడ ఇప్పటికీ మాట్లాడుకుంటారు. ఒలింపిక్స్ కోసం కొత్తగా కట్టిన స్టేడియంలో లక్షా ఏడు వేల మందికి పైగా జనం. మొదటి సగం అయ్యేసరికి డ్రాగన్స్ 14-0తో మెల్‌బోర్న్ స్టార్మ్ మీద ముందున్నారు. రెండో సగం మొదట్లో ట్రై లైన్ దగ్గర మండైన్‌కి బంగారం లాంటి అవకాశం వచ్చింది. బంతి నేలకి ఆనిస్తే చాలు, మ్యాచ్ దాదాపు అయిపోయినట్టే. బంతి చేతిలోంచి జారింది. చివరి నిమిషాల్లో మెల్‌బోర్న్ వింగర్ క్రెయిగ్ స్మిత్ గాల్లోకి వచ్చిన బంతిని అందుకుని గీత దాటుతుంటే జేమీ ఎయిన్స్‌కో చెయ్యి అతని తలకి తగిలింది. రిఫరీలు పెనాల్టీ ట్రై ఇచ్చారు. 20-18తో మెల్‌బోర్న్ గెలిచింది. పదముగ్గురు ఆడే ఆటలో ఓటమిని ఒక్కడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. కానీ మండైన్ పేరు వచ్చినప్పుడల్లా జారిన ఆ బంతి మాట రాకుండా ఉండదు.

2000 సీజన్ మధ్యలో, ఇంకా కాంట్రాక్టు ఉండగానే, మండైన్ ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి వయసు పాతికేళ్ల దగ్గర. జాతీయ జట్టు ఎంపికలో తనని పక్కన పెట్టడానికి కారణం జాతి వివక్షేనని బాహాటంగా అన్నాడు. ఆ స్థానంలో బ్రాడ్ ఫిట్లర్, లారీ డేలీ లాంటి దిగ్గజాలున్న కాలం అది. కాబట్టి ఎంపిక మీద వాదన రెండు వైపులా ఉంది. కానీ ఆదివాసీ ఆటగాళ్లు ఆ రోజుల్లో మైదానంలో ఏ మాటలు పడ్డారో ఇక్కడ ఉన్నవాళ్లకి తెలుసు. అతని కోపం గాల్లోంచి పుట్టింది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ‘పొగరుబోతు’ అని పత్రికలు రాసేశాయి. మహమ్మద్ అలీ లాగా ముందే గొప్పలు చెప్పుకోవడం, తనని తాను ‘ది మ్యాన్’ అని పిలుచుకోవడం ఇక్కడి జనానికి అలవాటు లేదు. ఆస్ట్రేలియాలో ఆటగాడు తల దించుకుని ‘అంతా జట్టు వల్లే’ అనాలి. అలా అననివాణ్ని, అందులోనూ ఆదివాసిని, ముస్లింని, సహించడం చాలామందికి కష్టమైంది.

2000 జులైలో మొదటి ఫైట్. న్యూజిలాండ్‌కి చెందిన గెరార్డ్ జోస్‌ని నాలుగో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. కోచ్ తండ్రే. అక్కడ్నుంచి ఏడాదిన్నర తిరక్కముందే, కేవలం పది ఫైట్ల అనుభవంతో, 2001 డిసెంబరు 1న జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో ఐబీఎఫ్ (బాక్సింగ్‌లో ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థల్లో ఒకటి) సూపర్ మిడిల్‌వెయిట్ ప్రపంచ టైటిల్ కోసం జర్మన్ ఛాంపియన్ స్వెన్ ఓట్కే ముందు నిలబడ్డాడు.

ఈ ఫైట్‌ని మీ తమ్ముడు మొత్తం చూడాలి. హైలైట్లు చాలవు. ఓట్కే మూడు ఒలింపిక్స్‌లో పోటీ చేసినవాడు. అమెచ్యూర్‌గా వందల ఫైట్లు చేసి, ఆ తర్వాతే ప్రొఫెషనల్ అయ్యాడు. మండైన్ వేగం అతన్ని నిజంగానే ఇబ్బంది పెట్టింది, తొమ్మిది రౌండ్లు ఫైట్ పోటాపోటీగానే సాగింది. పదో రౌండ్‌లో ఓట్కే కుడి చేతి దెబ్బ కణతకి తగిలింది, మండైన్ స్పృహ లేకుండా పడిపోయాడు. ఇక్కడ ఒక లెక్క చూడండి. ఓట్కే 34 ఫైట్లు చేసి ఓటమి ఎరగకుండానే రిటైరయ్యాడు. అందులో నాకౌట్లు ఆరే. చేతిలో అంత బరువు లేని మనిషి, ఆ ఆరింటిలో ఒకటి మండైన్ మీద సంపాదించాడు. ఎలా? అవతలివాడు ఎప్పుడు అలిసిపోతాడో, ఎప్పుడు చెయ్యి కిందకి జారుతుందో, వందల ఫైట్లు నేర్పిన ఓపికతో కనిపెట్టుకుని ఉన్నాడు. ఆ ఓపిక జిమ్‌లో ఏడాదిన్నరలో రాదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌నే చూడండి. 2011లోనే జూనియర్ స్థాయిలో ప్రపంచ ఛాంపియన్. సీనియర్ ప్రపంచ టైటిల్ 2022లో గానీ రాలేదు. మండైన్ ఎగ్గొట్టిన మెట్లు ఇవే, ఆ బాకీ డోర్ట్‌మండ్‌లో తీరింది.

అదే సమయంలో నోటి వల్ల కూడా దెబ్బ తిన్నాడు. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా గురించి టీవీలో అతనన్న మాటలకి దేశమంతా మండిపడింది, టైటిళ్లిచ్చే మరో సంస్థ డబ్ల్యూబీసీ తన ర్యాంకింగుల్లోంచి అతని పేరు తీసేసింది. అమెరికాలో పెద్ద ఫైట్ల తలుపులు చాలాకాలం మూసుకుపోవడానికి అదొక కారణం. ఆ మాటల్ని నేను సమర్థించను.

అయితే, పదకొండో ఫైట్‌లో అలా పడిపోయినవాడు మళ్లీ లేచాడు చూడండి, నాకు మండైన్ మీద గౌరవం మొదలయ్యేది అక్కడే. 2003 సెప్టెంబరులో సిడ్నీలో, బెర్నార్డ్ హాప్‌కిన్స్‌తో రెండుసార్లు తలపడిన అమెరికన్ ఆంట్వున్ ఎకల్స్‌ని పన్నెండు రౌండ్లలో పాయింట్ల మీద ఓడించి, ఇంకో సంస్థ డబ్ల్యూబీఏ ఇచ్చే సూపర్ మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. ఎకల్స్ ఒక్క దెబ్బతో ఫైట్ ముగించగల మనిషి. ఓట్కే దెబ్బ తిన్నవాడు అలాంటివాడి ముందు 36 నిమిషాలు క్రమశిక్షణతో నిలబడటం చిన్న విషయం కాదు. ఫుట్‌బాల్ పేరు టికెట్లు అమ్మిపెడుతుంది, నిజమే. ఎకల్స్ కుడి చేతి నుంచి కాపాడదు.

టైటిల్ ఎక్కువ కాలం నిలవలేదు. 2004లో మానీ సియాకా చేతిలో స్ప్లిట్ డెసిషన్‌తో (ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు ఒకవైపు, ఒకరు రెండోవైపు) పోయింది. 2005లో అదే టైటిల్ కోసం డెన్మార్క్ బాక్సర్ మిక్కెల్ కెస్లర్‌తో సిడ్నీలో తలపడి పాయింట్ల మీద ఓడాడు. కెస్లర్ ఆ తరంలో ఆ బరువులో ప్రపంచంలోని అగ్రశ్రేణి బాక్సర్లలో ఒకడు. అతనితో చివరి దాకా నిలబడ్డాడంటే మండైన్ ఎక్కడ ఉన్నాడో అర్థమవుతుంది: అందరికన్నా పైన కాదు, కానీ ఆ వరుసకి ఒక్క మెట్టు కింద.

తర్వాత 2006 మే 17. డానీ గ్రీన్‌తో ఫైట్. గ్రీన్ పెర్త్ నుంచి వచ్చినవాడు, 2000 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా తరఫున బాక్సింగ్ చేసినవాడు, జనం మెచ్చిన మనిషి. మండైనేమో, ఓడిపోవాలని జనం కోరుకున్న మనిషి. ఆస్ట్రేలియన్ బాక్సింగ్‌లో అంత టెన్షన్ పెట్టిన ఫైట్ ఇంకోటి లేదంటే అతిశయోక్తి కాదు. సిడ్నీ ఫుట్‌బాల్ స్టేడియంలో, అంటే మండైన్ ఫుట్‌బాల్ ఆడిన మైదానంలోనే జరిగింది. గ్రీన్ ముందుకి వస్తూనే ఉన్నాడు, మండైన్ జాబ్ (ముందు చేతితో సూటిగా విసిరే దెబ్బ) కొడుతూ, పక్కకి తప్పుకుంటూ, మళ్లీ జాబ్ కొడుతూ పోయాడు. ముగ్గురు జడ్జిలూ మండైన్‌కే ఇచ్చారు.

అతని బాక్సింగ్‌ని దగ్గర్నుంచి చూస్తే 6వ నంబరు ఆటగాడు కనిపిస్తాడు. ఎడమ చెయ్యి నడుము దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఏ కోచ్ అయినా ‘చేతులు పైకెత్తు’ అని అరుస్తాడు. అతను ఎత్తడు, ఎందుకంటే అతని రక్షణ చేతుల్లో లేదు, కళ్లలోనూ కాళ్లలోనూ ఉంది. దెబ్బ వచ్చేసరికి నడుము దగ్గర్నుంచి వెనక్కి వాలిపోతాడు, అది గాలిలో పోయాక కింద నుంచి జాబ్ విసురుతాడు. కింద నుంచి వచ్చే జాబ్ కనపడటం కష్టం. మీద పడటానికి వస్తున్న మనిషికీ తనకీ మధ్య దూరాన్ని అంత ఖచ్చితంగా కొలవగలగడం, ఏళ్ల తరబడి టాక్లర్లని తప్పించుకున్నవాడికి ఒంట్లో ఇంకిపోయిన విద్య. లీగ్ అతనికిచ్చిన పెద్ద ఆస్తి బలం కాదు, దూరం తెలియడం.

2007లో శామ్ సోలిమన్‌ని తొమ్మిదో రౌండ్‌లో నాకౌట్ చేసి ఖాళీగా ఉన్న డబ్ల్యూబీఏ టైటిల్ మళ్లీ గెలిచాడు. 2009లో బ్రిస్బేన్‌లో డేనియల్ గీల్‌ని స్ప్లిట్ డెసిషన్‌తో ఓడించాడు, అది కూడా బరువు తగ్గి మిడిల్‌వెయిట్‌లోకి దిగి. ‘ఉత్త హడావిడి’ అన్నవాళ్లకి నా జవాబు ఈ పేర్లే. గీల్ 2011లో ఐబీఎఫ్ మిడిల్‌వెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. సోలిమన్ 2014లో అదే టైటిల్ గెలిచాడు. పేరు అమ్ముకుని బతికేవాడు ఇలాంటివాళ్లతో ఫైట్ ఒప్పుకోడు, ఒప్పుకున్నా గెలవడు. ఆ దశాబ్దంలో ఆస్ట్రేలియాలో తన బరువు దగ్గర్లో ఉన్న మంచి బాక్సర్లందరితోనూ అతను తలపడ్డాడు. మన కాలంలో ఎంతమంది ఛాంపియన్లు అలా చేస్తున్నారు?

కానీ చూపు మీద, కాళ్ల మీద ఆధారపడ్డ శైలికి వయసే శత్రువు. 2010 డిసెంబరులో గార్త్ వుడ్ అనే బాక్సర్ ఐదో రౌండ్‌లో ఎడమ హుక్‌తో (పక్క నుంచి వంపుగా వచ్చే దెబ్బతో) మండైన్‌ని పడగొట్టాడు. వుడ్ కూడా ఒకప్పుడు సౌత్ సిడ్నీకి లీగ్ ఆడినవాడే, టీవీలో బాక్సింగ్ రియాలిటీ షో గెలిచి ఆ అవకాశం సంపాదించుకున్నాడు. నాలుగు నెలల తర్వాత మండైన్ రీమ్యాచ్‌లో గెలిచాడు గానీ, నడుము దగ్గర వేలాడే చెయ్యికి శిక్ష పడటం మొదలైందని అందరికీ తెలిసిపోయింది. 2013 జనవరిలో గీల్ పాత బాకీ తీర్చుకున్నాడు. ఆ రీమ్యాచ్‌కి ముందు గీల్ ఆదివాసీ మూలాలనే ప్రశ్నించి మండైన్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. తన జాతి కోసం అంత గట్టిగా నిలబడ్డ మనిషి నోట ఆ మాట రావడం నాకు ఇప్పటికీ బాధే.

2013 నవంబరులో అమెరికన్ బాక్సర్ షేన్ మోస్లీ నడుము నొప్పితో ఆరో రౌండ్ తర్వాత ఆగిపోవడంతో గెలుపు దక్కింది. 2014లో ఘనా బాక్సర్ జాషువా క్లాటీ ఐదుసార్లు కింద పడేశాడు. 2015లో చార్ల్స్ హాట్లీ పదకొండో రౌండ్‌లో ఆపేశాడు. 2017లో అడిలైడ్ ఓవల్‌లో డానీ గ్రీన్‌తో రెండో ఫైట్ జరిగింది. జడ్జిలు గ్రీన్‌కి ఇచ్చారు. మండైన్ గెలిచాడని నాతో సహా చాలామంది అనుకున్నారు. 2018 నవంబరులో బ్రిస్బేన్‌లో జెఫ్ హార్న్ 96 సెకన్లలో ముగించాడు. అప్పటికి మండైన్ వయసు 43. అక్కడైనా ఆపాల్సింది. ఇంకో రెండు ఫైట్లు చేసి, 2021 మార్చిలో బెండిగోలో మైకేల్ జెరాఫా చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడాక రిటైరయ్యాడు. మొత్తం 59 ఫైట్లు, 48 గెలుపులు, అందులో 28 నాకౌట్లు, 11 ఓటములు. ఆ చివరి ఐదారేళ్లు లేకుండా ఉంటే ఈ అంకెలు వేరేలా కనిపించేవి. అతని తల గురించి ఆలోచించినా అవి లేకుంటేనే బాగుండేది.

అతని వెనక చాలామంది వచ్చారు. సోనీ బిల్ విలియమ్స్ 2004లో క్యాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌తో లీగ్ టైటిల్ గెలిచి, తర్వాత న్యూజిలాండ్‌కి యూనియన్ ఆడి రెండు ప్రపంచ కప్‌లు గెలిచినవాడు. అతని మొదటి బాక్సింగ్ ఫైట్ మండైన్-గీల్ ఫైట్ జరిగిన రాత్రి అదే వేదిక మీద. ఇద్దరి మేనేజరూ ఖోదర్ నాసరే. లీగ్ ఆడిన జాన్ హోపోవాటే, సాలమన్ హౌమోనో హెవీవెయిట్ బాక్సర్లయ్యారు. క్రొనల్లా మాజీ కెప్టెన్ పాల్ గాలెన్, మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ లూకస్ బ్రౌన్‌ని 2021లో మొదటి రౌండ్‌లో పడగొట్టి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. రెండు నెలల తర్వాత, అతని వయసులో దాదాపు సగం ఉన్న జస్టిస్ హూనీ అతన్ని పదో రౌండ్‌లో ఆపేశాడు. హూనీ చిన్నప్పట్నుంచీ అమెచ్యూర్ బాక్సింగ్‌లో పెరిగిన కుర్రాడు. మళ్లీ అదే కథ. వీళ్లెవరికీ మండైన్ స్థాయి ప్రపంచ టైటిల్ రాలేదు, ఎందుకంటే వీళ్లెవరూ చిన్నప్పట్నుంచి టోనీ మండైన్ కళ్ల ముందు పెరగలేదు.

ఇక మీ తమ్ముడి విషయం.

లీగ్ ఆడినవాడు మా జిమ్‌కి వచ్చిన మొదటి వారంలోనే ఎవరో తెలిసిపోతాడు. బ్యాగ్ మీద కొట్టమంటే అదిరిపోయేలా కొడతాడు. స్పారింగ్‌లో, అంటే ప్రాక్టీసు ఫైట్‌లో, పెడితే తల దించి భుజంతో ముందుకి వస్తాడు, అంటే టాకిల్‌కి వెళ్లినట్టే. తల దించినవాడికి అప్పర్‌కట్ (కింద నుంచి పైకి కొట్టే దెబ్బ) ఎక్కణ్నుంచి వస్తుందో కనపడదు. రెండోది ఊపిరి. లీగ్‌లో ఒక్కసారి గట్టిగా దూసుకెళ్లి, గుద్దుకుని, లేచి, పది మీటర్లు వెనక్కి నడిచే లోపు ఊపిరి పీల్చుకోవచ్చు. రింగ్‌లో ఆ నడక లేదు. మూడు నిమిషాల్లో ఆగే క్షణమే ఉండదు. పళ్లు బిగించి ఊపిరి బిగబట్టి కొట్టే అలవాటు వల్ల, 80 నిమిషాలు ఆడగలిగే కుర్రాడు రెండో రౌండ్‌కే చేతులెత్తలేని స్థితికి వస్తాడు. అది ఫిట్‌నెస్ లోపం కాదు, భుజాలు వదులుగా ఉంచడం రాకపోవడం. అది నేర్పడానికి నెలలు పడుతుంది. పాదాలు సరిచేయడానికి ఇంకా ఎక్కువ పడుతుంది. సైడ్‌స్టెప్ వేసేవాడు కాలు బాగా దూరంగా నాటుతాడు, రింగ్‌లో అలా నాటిన క్షణం నిలబడ్డ చోటే దొరికిపోతాడు.

అన్నిటికన్నా ముఖ్యం తల. లీగ్‌లో తగిలిన దెబ్బల లెక్క బాక్సింగ్‌కి మారినంత మాత్రాన సున్నా నుంచి మొదలవదు, మెదడుకి రెండూ ఒకటే ఖాతా. సోనీ బిల్ ఆడిన 2004 బుల్‌డాగ్స్‌కి కోచ్, తన కాలంలో క్యాంటర్‌బరీకి ఆడిన స్టీవ్ ఫోక్స్ చనిపోయాక, అతని మెదడులో సీటీఈ ఉన్నట్టు తేలింది. అది పదేపదే తగిలిన తల దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బు. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, క్లబ్బు స్థాయి ఆటగాడికి కంకషన్ (తల దెబ్బకి మెదడు అదరడం) అయితే కనీసం 21 రోజులు పోటీ గుద్దుళ్లకి దూరంగా ఉండాలి, మళ్లీ కాంటాక్ట్ ట్రైనింగ్‌లోకి వచ్చేముందు 14 రోజులు ఏ లక్షణమూ లేకుండా గడవాలి. మీ తమ్ముణ్ని మొహమాటం లేకుండా అడగండి: ఇప్పటిదాకా ఎన్నిసార్లు తల తిరిగింది, ఎన్నిసార్లు మ్యాచ్‌లో జరిగింది గుర్తులేదు, ఎన్నిసార్లు కోచ్‌కి చెప్పకుండా ఆడాడు? కుర్రాళ్లు నిజం చెప్పరు. మీరు అన్నయ్య కాబట్టి చెప్పే అవకాశం ఉంది. ఆ జవాబు రెండు మూడు సార్లు దాటితే, నా జిమ్‌లో అయితే నేను స్పారింగ్‌కి ఒప్పుకోను. న్యూరాలజిస్టు దగ్గరికి పంపిస్తాను.

తల బాగానే ఉందని తేలితే, వద్దని అడ్డుపడకండి, అలాగని ప్రొఫెషనల్ లైసెన్సు మాట ఎత్తనివ్వకండి. అమెచ్యూర్ క్లబ్బులో చేరమనండి. అక్కడ మూడు రౌండ్ల ఫైట్లు, అనుభవాన్ని బట్టి జోడీ కడతారు, డాక్టర్ రింగ్ పక్కనే ఉంటాడు. కనీసం రెండేళ్లు అలా గడపాలి. గెలిచిన ఫైట్లకన్నా తనకన్నా పొట్టివాడితో, పొడుగువాడితో, ఎడమచేతి వాటం వాడితో చేసిన ఫైట్లు ఎన్నో లెక్కపెట్టుకోవాలి. బాక్సింగ్ మొదలుపెట్టాక అదే సీజన్‌లో లీగ్ ఆడకూడదు. దీనికి ఒప్పుకోకపోతే అతనికి కావాల్సింది బాక్సింగ్ కాదు, మండైన్ పేరు అని నేను అనుకుంటాను.

ఇంకో సంగతి. ప్రొఫెషనల్‌గా దిగితే మొదట్లో డబ్బు ఉండదు. మండైన్‌కి మొదటి ఫైట్ నాటికే జనంలో పేరుంది, ఎందుకంటే ఏళ్ల తరబడి సిడ్నీ అంతా అతన్ని చూసింది. మామూలు కుర్రాడికి ప్రమోటర్ చేతిలో టికెట్లు పెట్టి ‘నీ వాళ్లకి అమ్ముకో’ అంటాడు. చదువు మీద వచ్చినవాడికి వీసా పని గంటల పరిమితి ఉంటుంది. ఫైట్‌కి తీసుకునే డబ్బు కూడా అందులోకి వస్తుందో లేదో సంతకం పెట్టకముందే వీసా తెలిసిన లాయర్‌ని అడగాలి. డిగ్రీ పూర్తవకుండా ఈ దారిలో దిగొద్దని గట్టిగా చెప్పండి.

ఫైట్లు చూడమంటే ఈ వరుసలో చూడమనండి: ఓట్కే, ఎకల్స్, కెస్లర్, గ్రీన్‌తో మొదటిది, గీల్‌తో మొదటిది, చివరగా వుడ్ చేతిలో ఓడినది. చూస్తున్నంతసేపూ మండైన్ ఎడమ చెయ్యి ఏ రౌండ్‌లో ఎంత కిందకి దిగుతోందో రాసుకోమనండి. ఆ కాగితం పట్టుకుని వస్తే, ఏ జిమ్‌లో ఏ కోచ్ అయినా అతనితో అరగంట కూర్చుని మాట్లాడతాడు. జిమ్ వెతకడంలో సాయం కావాలంటే ఇక్కడే అడగండి, మీరుండే వైపు చూసి చెబుతాను.